తగ్గిన బరువులో కండ కూడా ఉంది

బరువు తగ్గుతుంటే చూసినవాళ్లందరూ బాగున్నావన్నారు. ఆకలి మునుపటి కంటే ఎక్కువగా వేసేది, కడుపునిండా తినేదాన్ని, అయినా బట్టలు వదులవుతూనే ఉన్నాయి. నాకు భయం పుట్టింది మెట్ల దగ్గర. ఆయాసం సంగతి అలా ఉంచితే, తొడల్లో అసలు బలం ఉండేది కాదు. రెయిలింగ్ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోవాల్సి వచ్చేది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోయేదాన్ని. తల దువ్వుకోవడానికి ఎత్తిన చెయ్యి మధ్యలోనే వాలిపోయేది. పిడికిలి పట్టు మాత్రం బాగానే ఉండేది.

రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ దాదాపు లేదు, థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 బాగా పెరిగి ఉన్నాయి. యాంటీబాడీల పరీక్షతో గ్రేవ్స్ వ్యాధి అని తేలింది, అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొట్టి హార్మోన్‌ను ఎక్కువ చేసే జబ్బు. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే మాత్రం నార్మల్. అయితే ఈ నీరసం నా ఊహేనా అని కంగారుపడ్డాను. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే కండరాల బలహీనతలో సీపీకే సాధారణంగా పెరగదని డాక్టర్ గారు చెప్పాక ప్రాణం కుదుటపడింది.

ఆవిడే వివరంగా చెప్పారు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఊరికే పడుకున్నా ఒంట్లో శక్తి ఖర్చు పెరుగుతుంది. కొవ్వు కరుగుతుంది, దాంతోపాటు కండలోని ప్రోటీన్ కూడా తయారయ్యే దానికంటే వేగంగా విరిగిపోతుంది. ఆ దెబ్బ ముందు తుంటి, తొడలు, భుజాల మీద పడుతుంది. ఎముకలు కూడా పలచబడతాయి. అందరూ మెచ్చుకున్న ఆ సన్నదనంలో నా కండ కూడా పోయిందన్నమాట!

థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్, గుండెదడను తగ్గించే ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. జ్వరమో గొంతునొప్పో వస్తే కార్బిమజోల్ ఆపేసి, తెల్లరక్తకణాలు పడిపోయాయేమో వెంటనే పరీక్ష చేయించుకోమని గట్టిగా చెప్పారు. ఈ మాత్ర వాడేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది.

గుండెదడ, చేతుల వణుకు త్వరగానే తగ్గాయి. బలం రావడానికి నెలలు పట్టింది. నాడి అదుపులోకి వచ్చాకే వ్యాయామానికి ఒప్పుకున్నారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టాను. ప్రతి పూటా భోజనంలో ప్రోటీన్ ఉండేలా చూసుకున్నాను.

బరువు మళ్లీ పెరిగింది. ఇది చాలామందికి టెన్షన్ పెడుతుంది, లావైపోతున్నామని మాత్రలు మానేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక్కి వచ్చే బరువులో పోయిన కండ కూడా ఉంటుంది, ఎంతన్నది తూకంలో తెలియదు. మెట్ల దగ్గర తెలుస్తుంది. నేనిప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కుతున్నాను. మాత్ర డోసు తగ్గించారు కానీ, ఇంకా ఆపలేదు.