రాత్రి ఆశ్రయం ఎందుకు ఖాళీగా ఉంటది?

ఇల్లు లేనివాళ్లు రాత్రి పడుకోవడానికి పెట్టిన ఆశ్రయంలో మంచాలు ఖాళీ, బస్టాండు అరుగు మీద జనం. ‘పిలిచినా రారు’ అని ఫైల్లో రాసి పక్కన పెడుతుంటారు. రాకపోవడానికి కారణాలుంటయి. వాటిలో చాలావరకు భవనం చూపకముందే జరిగిన పొరపాట్లు.

మొదటి పొరపాటు లెక్క దగ్గరే. ఇల్లు లేనివాళ్లను పగలు లెక్కపెడితే దొరకరు. పొద్దున ఆరింటికల్లా కూలీల అడ్డా మీదికో, మార్కెట్ యార్డుకో, హోటల్ పనికో పోతరు. దుకాణాల షట్టర్లు దిగినంక, అంటే రాత్రి పదిన్నర దాటాకే వాళ్లు పడుకునే చోటికి చేరతరు. నల్లగొండలో గడియారం సెంటర్, బస్టాండు, రైల్వే స్టేషన్, పెద్దాసుపత్రి ఆవరణ. పాలమూరులోనూ ఇలాంటి చోట్లే. ఒక్క రాత్రి తిరిగితే చాలదు. సంత రోజు, వాన పడ్డ రోజు, చలికాలం, ఎండకాలం మనుషులూ మారతరు, చోట్లూ మారతయి. ఆధార్ అడిగి లెక్కపెడితే సగం మంది లేచి పోతరు.

2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వచ్చిన ఆశ్రయాల పథకం కొలతలు స్పష్టంగానే చెప్పింది. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. అంటే 50 మందికి 2,500 చదరపు అడుగులు కావాలె. ఖాళీగా ఉందని వెయ్యి అడుగుల పాత కమ్యూనిటీ హాలు ఇస్తే, అందులో పట్టేది 20 మందే. అక్కడ 50 మంచాలు వేస్తే కాగితం మీద లక్ష్యం నిండుతది, నిద్ర మాత్రం పట్టదు.

అన్నిటికంటే పెద్ద తప్పు జాగ ఎంపిక. ఊరి బయట సర్కారు స్థలం సులువుగా దొరుకుతది. కానీ అక్కడి నుంచి పొద్దున అడ్డాకు రావడానికి ఆటో కిరాయి పెట్టుకుంటే ఆ రోజు కూలిలో కోత పడ్డట్టే. ఆలస్యమైతే పనే పోతది. నడిచి చేరగలిగే దూరంలో లేని ఆశ్రయం కూలివాళ్లకు పనికిరాదు. తోపుడుబండి, ప్లాస్టిక్ సంచి, పనిముట్లు పెట్టుకునే తాళం గూడు లేకపోయినా రారు. భార్యాభర్తలను విడదీసి, పన్నెండేళ్ల కొడుకును మగవాళ్ల హాలుకు పంపుతామంటే ఆ కుటుంబం ఫుట్‌పాత్ మీదనే ఉంటది. వాళ్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను.

ఒక మేనేజరు, ఎనిమిది గంటల చొప్పున ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలన్నది ఆ పథకం నిబంధన. నిధులు ఆలస్యమైతే ముందు పోయేది రాత్రి షిఫ్టు. రాత్రి మనిషి లేడంటే ఆడవాళ్లు మర్నాటి నుంచే రావడం మానేస్తరు. ఆ జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. కాబట్టి జీతాలు, కరెంటు బిల్లు, దుప్పట్ల ఉతుకు మున్సిపల్ బడ్జెట్‌లో విడి పద్దుగా ఉండాలి. వార్డు సభ్యులను నిలదీసి అడగాల్సింది ఇదే.

మతి స్థిమితం లేక రోడ్డు మీద తిరిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లను సరాసరి ఆశ్రయంలో దించిపోతే కేర్‌టేకరు ఏమీ చేయలేడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న అలాంటి మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా సర్కారు దవాఖానకు చేర్చాలి. లాకప్‌లో పెట్టరాదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ కట్టి, ఇంటివాళ్లను వెతికే బాధ్యత కూడా స్టేషన్ అధికారిదే. 112కు ఫోన్ చేసినప్పుడు ఈ సెక్షన్ పేరు చెప్పండి. దిక్కులేని వృద్ధులకు 14567, పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181.

చిరునామా లేదని ఓటు కూడా లేదనుకుంటరు. ఓటు నమోదు దరఖాస్తు అయిన ఫారం 6లో పడుకునే చోటు రాస్తే చాలు, నివాస రుజువు కాగితం అక్కర్లేదు. బూత్ అధికారి ఒకటికి మించిన రాత్రులు అక్కడికి వచ్చి చూసుకోవాలి. నింపేటప్పుడు ‘బస్టాండు’ అని మాత్రమే రాయకండి. ఏ గేటు, ఏ దుకాణం ముందు అన్నదీ రాయండి. లేకపోతే ఆయన వచ్చి, మనిషి కనపడలేదని దరఖాస్తు కొట్టేస్తడు.