తాతయ్యకు వేరే ‘ఈడీ’ ఎందుకు?

మా అబ్బాయికి బడిలో ఇంగ్లీషు క్రియల పట్టిక ఒకటి ఇచ్చి, ‘వాక్’, ‘ప్లే’, ‘వాంట్’ వంటి మాటలను మూడు కాలాల్లోనూ రాసుకుని రమ్మన్నారు. భూతకాలానికి చివర ‘ఈడీ’ (ed) చేర్చి వాడు తడుముకోకుండా రాసేశాడు. అవే క్రియలను తెలుగులో కూడా చెప్పమని నేను అడిగితే “తాతయ్య నడిచాడు” అన్నాడు. “నడిచారు అనాలి నాన్నా” అనేసరికి పెన్సిలు కింద పెట్టి, “ఇంగ్లీషులో అందరికీ ఒకటే ఈడీ కదమ్మా, తాతయ్యకు వేరే ఈడీ ఎందుకు? నేను చెప్పను” అని లేచిపోయాడు.

వాడి మాటలో మొండితనం కన్నా తర్కమే ఎక్కువగా ఉంది. నియమం తప్పని ఇంగ్లీషు క్రియకు నాలుగే రూపాలు: వాక్, వాక్స్, వాక్ట్, వాకింగ్. వర్తమానంలో అతను, ఆమె, అది అన్నప్పుడు చివర ‘ఎస్’ చేరడం తప్ప, ఎవరు నడిచారన్నది ఆ క్రియ పట్టించుకోదు. భవిష్యత్తుకు ప్రత్యయమే లేదు, ముందు ‘విల్’ పెడితే సరిపోతుంది. వ్యాకరణ పుస్తకాల్లో పన్నెండు కాలాలుగా కనిపించేదంతా ఆ కొద్ది రూపాలకు సహాయక క్రియలు చేర్చి కట్టినదే. తెలుగులో అలా కాదు: నడిచాను, నడిచావు, నడిచాడు, నడిచింది, నడిచారు, నడిచాం. ఇంగ్లీషు క్రియ ఎప్పుడు జరిగిందో అడిగి ఊరుకుంటుంది. తెలుగు క్రియ ఎవరు చేశారో, వాళ్లకు మనం ఎంత మర్యాద ఇస్తున్నామో కూడా చెప్పేదాకా వదలదు.

అలాగని ఆ ‘ఈడీ’ చూసినంత తేలికైనది కాదు. రాతలో ఒకటే అయినా పలుకులో అది మూడు రకాలుగా ఉంటుంది: వాక్, హెల్ప్, వాష్ తరువాత ‘ట్’, ప్లే, కాల్ తరువాత ‘డ్’, వాంట్, నీడ్ తరువాత ‘ఇడ్’. పుస్తకం చూసి ఇంగ్లీషు నేర్చుకున్న నాబోటి వాళ్లకు ఈ తేడా ప్రయత్నం మీద గానీ రాదు. మా అబ్బాయికి ఎవరూ చెప్పకుండానే వచ్చింది. 1958లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో భాషా పరిశోధకురాలు జీన్ బెర్కో చిన్నపిల్లలకు భాషలో లేని క్రియలను కల్పించి చెప్పి, ఆ పని చేసే మనిషి నిన్న ఏం చేశాడో చెప్పమని అడిగారు. ‘రిక్’ అనే కల్పిత క్రియకు ఎక్కువమంది పిల్లలు ‘రిక్ట్’ అనే జవాబిచ్చారు. ‘మాట్’ వంటి చోట్ల, అంటే ‘ఇడ్’ చేర్చవలసిన చోట, చాలామంది తడబడ్డారు. ఎన్నడూ వినని మాటకు వాళ్లు భూతకాలం కట్టారంటే, నియమం అప్పటికే వాళ్ల లోపల పడిందన్నమాట. మావాడు కూడా చిన్నప్పుడు ‘రన్’కు ‘రన్డ్’ అనేవాడు. చుట్టూ ఎవరూ అనని ఆ మాటను వాడు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నియమాన్ని పట్టుకుని తానే చేసుకున్నాడు.

అందుకే తోటి తల్లిదండ్రులకు నేను చెప్పేది, పట్టికలు బట్టీ పట్టించడం కన్నా మాట చెవిన పడేలా చూడటం మేలని. అయితే అక్కడే నాకు అసలు చిక్కు కనిపిస్తుంది. ‘నడిచారు’ అన్న రూపం పిల్లవాడి చెవిన పడాలంటే, ఒక పెద్దమనిషి గురించి ఇంకొకరు గౌరవంగా మాట్లాడుకోవడం వాడు పక్కనుంచి వినాలి. మా ఇంట్లో వాడితో ఎవరైనా తెలుగులో అనేవి ఎక్కువగా ‘తిన్నావా’, ‘రాశావా’, ‘పడుకో’ వంటివే. తోటి పిల్లల గురించి అయితే ‘వచ్చాడు’, ‘వెళ్లింది’. పెద్దల గురించి పెద్దలు మాట్లాడుకునే మాటలు వాడి చుట్టూ అంతగా లేవు. వాడికి గౌరవం తెలియక కాదు, ఆ రూపం పదే పదే వినే అవకాశం లేకనే ‘నడిచాడు’ అంటున్నాడు.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ వాడికి దగ్గరగా కనిపించాయి. ఇంగ్లీషులో ‘డిడ్ నాట్ వాక్’ అన్నప్పుడు కాలాన్ని ‘డిడ్’ తీసుకుంటుంది, క్రియకు ‘ఈడీ’ ఉండదు. తెలుగులోనూ ‘నడవలేదు’ అన్నప్పుడు నేను, నువ్వు, తాతయ్య అందరికీ ఒకే రూపం. అది చెప్పగానే వాడు కుర్చీలో ముందుకు జరిగి, “అయితే అమ్మ నడవలేదు, కుక్క నడవలేదు, తాతయ్య నడవలేదు, అన్నీ కరెక్టేనా?” అని ఒక్కొక్కటే పలికి చూసుకున్నాడు. ఆ ఉత్సాహంలో నేను ‘నడవను, నడవవు, నడవడు, నడవరు’ మొదలుపెట్టాను. వాడి ముఖంలో అలసట కనిపించగానే ఆపేశాను.

ఇప్పుడు వాడు తాతయ్యతో ఫోనులో ఏదైనా చెబుతూ రూపం తప్పితే మధ్యలో అడ్డుపడను, ఎందుకంటే అడ్డుపడిన ప్రతిసారీ మిగిలిన సంగతి ఇంగ్లీషులోకి మారిపోతుంది. వాడు ముగించాక అదే సంగతిని సరైన రూపంతో నేను మళ్లీ అంటాను. వాడు దాన్ని గమనిస్తున్నాడా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. బడిలో రోజంతా వినే భూతకాలాల పక్కన ఇంట్లో నేను వినిపించే ఆ నాలుగు వాక్యాలు వాడి లోపల ఒక నియమంగా కుదురుకునేటంత ఎక్కువేనా అన్న సందేహం నన్ను వదలడం లేదు.