మంచులో కవాతుకు పిల్లను తయారు చేయడం

"అమ్మా, అప్పుడు మనవాళ్ళు ఏ సైడు?" అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ఆనాటి దుస్తుల్లో మళ్ళీ ఆడి చూపే రీఎనాక్ట్‌మెంటులో, బ్రిటన్ మీద పోరాడిన కాంటినెంటల్ ఆర్మీ రెజిమెంటు తరఫున ఫైఫ్ అనే చిన్న పిల్లనగ్రోవి ఊదడానికి పేరిచ్చిన 14 ఏళ్ళ పిల్ల, కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగిన ప్రశ్న ఇది.

జవాబు లేక కాదు, ఉన్న జవాబు మింగుడు పడకే చిక్కు. వాషింగ్టన్ 2,400 మందితో, 18 ఫిరంగులతో డెలావేర్ నది దాటిన 1776 డిసెంబరు నాటికి ఉత్తర సర్కారులు చాలావరకు ఈస్టిండియా కంపెనీ చేతిలోనే ఉన్నాయి. తెలుగువాళ్ళు ఎందరో కంపెనీ పటాలంలో చేరి బ్రిటిషువాళ్ళ ఎర్రకోటు తొడిగారు. 1777 జనవరి 2న ట్రెంటన్‌లో అసన్‌పింక్ వాగు వంతెన మీదికి మళ్ళీ మళ్ళీ సైన్యాన్ని తోలి, దాటలేక, పొద్దున చూసుకుందాంలే అని పడుకున్న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే తర్వాత మన గవర్నర్ జనరల్. గుంటూరు సర్కారు నిజాం నుంచి కంపెనీకి దఖలు పడింది ఆయన హయాంలోనే, 1788లో. 1793లో ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. అంటే ఇక్కడ ఓడి వెళ్ళినాయన అక్కడికొచ్చి గెలిచాడు. ఇదంతా చెబితే పిల్ల "సో, రాంగ్ సైడ్" అని తేల్చేసింది. అంత తేలిక కాదే అని మొదలుపెట్టేలోపు మేజోళ్ళు ఎక్కడ అని అడిగింది.

కాబట్టి ముందు మేజోళ్ళ సంగతి. చరిత్ర ఆగుతుంది, కాలివేళ్ళు ఆగవు.

చలికాలపు రీఎనాక్ట్‌మెంటులో పిల్లలు ఇంటికి పోదామని ఏడ్చేది తొంభై పాళ్ళు కాళ్ళ వల్లే. ఆ కాలపు బూట్లకు అడుగు ఒట్టి తోలు. గడ్డకట్టిన నేల చల్లదనం నేరుగా పైకి లాగుతుంది, తడిస్తే నానిపోతుంది, మంచు మీద జారుతుంది. మన తల్లులం చేసే మొదటి పని రెండు జతల మేజోళ్ళు తొడగడం. అదే వద్దు. బూటు బిగుతైతే వేళ్ళకు రక్తం సరిగా ఆడదు, ఒక జతతో ఉన్నదానికంటే ఎక్కువ చలేస్తుంది. బూటే ఒక సైజు పెద్దది తీసుకుని, లోపల ఉన్ని ఫెల్టు అట్ట వేసి, మోకాలు దాటే మందపాటి ఉన్ని మేజోడు ఒక్కటే తొడగాలి. లోపల వేళ్ళు ఆడించగలగాలి, అదే పరీక్ష. గాలి తగిలితే వేడెక్కే టో వార్మర్లు బిగుతు బూటులో గాలాడక చల్లగా పడుంటాయి; వాటిని నమ్ముకోకండి. నిలబడే చోట ఎండుగడ్డి గానీ చెక్కముక్క గానీ ఉంటే దాని మీద నిలబడమనండి. పాత సైనికులు ఎవరూ చెప్పకుండానే గడ్డి వెతుక్కుంటారు.

ఇక ఒంటి మీద. నూలు బనియను వద్దు: చెమటకు తడిసి ఒంటికి అతుక్కుని చలిని లోపల దాస్తుంది. పాలియెస్టర్ థర్మల్ కూడా వద్దు, ఎవరికీ కనపడదు కదా అనుకున్నా సరే. క్యాంపులో నిప్పు దగ్గర కూర్చుంటారు, తుపాకుల నుంచి రవ్వలు ఎగురుతాయి. సింథటిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్నికి నిప్పు తగిలితే మాడి కంపు కొడుతుంది గానీ తొందరగా మంట అందుకోదు. పల్చటి మెరీనో ఉన్ని లోపల, దాని మీద లినెన్ చొక్కా, ఉన్ని వెయిస్ట్‌కోటు, రెజిమెంటు కోటు, మెడకు స్టాకు అనే పట్టీ. మరీ చలైతే దుప్పటిని భుజాల మీదుగా కప్పి ముందు పిన్నుతో బిగించుకోవచ్చు, ఓవర్‌కోటు దొరకని సైనికులు నిజంగా చేసిందే అది. నడిచేటప్పుడు కోటు గుండీలు తీసేయాలి, ఆగగానే పెట్టుకోవాలి. పిల్లలు సరిగ్గా తిరగేసి చేస్తారు. నడకలో చెమట పట్టించుకుని, తర్వాత అరగంట ఉపన్యాసాలు వింటూ నిలబడినప్పుడు గడగడా వణుకుతారు.

కొత్తగా చేరే పిల్లకు అన్నీ కొనకండి. చాలా యూనిట్ల దగ్గర అరువు కోట్లు, టోపీలు ఉంటాయి. ఎదిగే వయసులో రెజిమెంటు కోటు కొనడమంటే వచ్చే ఏటికి పనికిరాని పట్టుపరికిణీ కుట్టించినట్టే. సొంతంగా కావాల్సినవి బూట్లు, చొక్కా, మేజోళ్ళు, చేతితొడుగులు.

ఫైఫ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాడయ్యేది ఎక్కువ అదే. ఆరు రంధ్రాల చిన్న కర్ర పిల్లనగ్రోవి అది, మీటలు ఉండవు. చలికి పైన కర్ర ముడుచుకుని ఉంటుంది, లోపలికి వేడి తడి ఊపిరి వెళ్ళేసరికి లోపలి పొర ఉబ్బుతుంది. ఆ లాగులాటలో నిలువునా పగులుతుంది. అందుకే ఊదబోయే ముందు పది నిమిషాలైనా వెయిస్ట్‌కోటు లోపల, చంక కింద పెట్టుకుని వెచ్చబరచాలి. మోగించాక లోపలి తడిని గుడ్డ చుట్టిన పుల్లతో తుడవాలి, సీజను ముందు లోపల కాస్త బాదం నూనె పట్టించాలి. చల్లటి ఫైఫ్ శ్రుతి దిగిపోతుంది. నలుగురు ఫైఫర్లలో ఇద్దరివి వెచ్చగా, ఇద్దరివి చల్లగా ఉంటే వినేవాళ్ళ ఖర్మ. పెదవులు తిమ్మిరెక్కితే పై స్థాయి స్వరాలు ముందు పోతాయి, అప్పుడు కింది స్థాయిలో వాయించే పాటలకు మారిపోవాలి. వేళ్ళ చివర్లు తెరిచిన ఉన్ని తొడుగులు అల్లించుకుంటే సరి. ఇంట్లో సాధనకు ప్లాస్టిక్ ఫైఫ్ చాలు, కవాతులో మాత్రం అది బయటికి తీయకూడదు.

డోలు పట్టే పిల్లలుంటే ఇంకో బాధ. దూడతోలు మూత తేమకు వదులై బొదబొదమంటుంది, పొడి చలికి బిగిసి చిట్లుతుంది. తాళ్ళ మీద ఉండే తోలు చెవుల్ని కిందికి లాగి బిగించాలి, పనయ్యాక తప్పకుండా వదులు చేయాలి. బిగించి ఉంచిన డోలును చలి కారులోంచి తీసి వెచ్చటి గదిలో పెట్టి, తెల్లారి పగిలిన మూత చూసి ఏడ్చేవాళ్ళు ప్రతి యూనిట్లో ఒకరుంటారు.

తుపాకి పేలుస్తున్నప్పుడు ఫైఫర్ ఎక్కడ నిలబడుతుందో తల్లిదండ్రులు ఒకసారి కళ్ళారా చూసుకోవాలి. చెకుముకి తుపాకికి మందు అంటుకునే రంధ్రం కుడివైపు ఉంటుంది, నిప్పు పక్కకు చిమ్ముతుంది. దానికి ఇత్తడి రేకు అడ్డు ఉంటుంది, ఉండి తీరాలి. అయినా పిల్లను ఆ కుడిపక్కన అంటిపెట్టి నిలబెట్టకూడదు. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టి పైన జుట్టు కప్పేయండి. గుండు ఉండదు, మందు మాత్రమే. మందు కొలతను మైదానంలో ఎవరి ఇష్టానికీ వదలరు, ముందే తూచి కట్టిన పొట్లాలే వాడతారు. తేమ రోజుల్లో సగం తుపాకులు పేలవు. ఆ రంధ్రం పక్కనుండే చిన్న పళ్ళెంలోని మందు తేమ పీల్చి బుస్సుమంటుంది, లోపలిది అంటుకోదు. పేలలేదని గొట్టం కిందికి దించినవాడిని సార్జెంటు అందరి ముందూ కడిగేస్తాడు, అది చూసి మురిసిపోయే తల్లుల్లో నేనూ ఉన్నాను.

తిండి. 1775 నవంబరులో అమెరికా వలసల కాంటినెంటల్ కాంగ్రెసు నిర్ణయించిన రేషన్లో మనిషికి రోజుకు పౌను గొడ్డుమాంసం గానీ ముప్పాతిక పౌను పందిమాంసం గానీ, పౌను రొట్టె గానీ పిండి గానీ ఉన్నాయి. వారానికి అరపింటు బియ్యం కూడా ఉంది. అరపింటు! మన ఇళ్ళలో అది ఒక పూట. కానీ కాగితం మీద బియ్యం ఉంది కాబట్టి పిల్ల సంచిలో గుడ్డలో కట్టిన నిమ్మకాయ పులిహోర చారిత్రకంగా న్యాయమేనని వాదించే తల్లులం మనం. పసుపు మరక లినెన్ సంచికి అంటుకుంటే ఆ వాదన నిలబడదు. రొట్టె, చీజు, ఆపిలు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి పంపండి, పులిహోర కారులో ఉంచండి. కర్ర నీళ్ళ బుర్రను ముందు రోజే నీళ్ళతో నింపి నానబెడితే చెక్కలు ఉబ్బి కారడం ఆగుతుంది. కవాతు రోజు గోరువెచ్చటి నీళ్ళు పోసి కోటు లోపల వేలాడదీయాలి.

చలి దెబ్బ గుర్తులు మన పిల్లల ఒంటి మీద వేరుగా కనిపిస్తాయి. పుస్తకాల్లో ఎర్రబడటం అని ఉంటుంది, మన చాయ మీద ముక్కు చివర, చెవి తమ్మె బూడిద రంగుకు తిరుగుతాయి, మైనంలా గట్టిపడతాయి. రుద్దకూడదు. నిప్పు దగ్గర పెట్టకూడదు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. ముక్కూ చెవీ అయితే వెచ్చటి అరచేత్తో కప్పి, వేళ్ళయితే చంకలో పెట్టి గానీ గోరువెచ్చటి నీళ్ళలో గానీ వెచ్చబరచాలి. మాట ముద్దగా వస్తున్నా, అప్పటిదాకా వణికిన పిల్ల హఠాత్తుగా వణకడం మానేసినా కవాతు అక్కడితో చాలు, వెంటనే వైద్యసాయం పిలవండి.

పిల్ల మైనరు కాబట్టి పెద్దవాళ్ళు పక్కనే ఉండాలంటారు. దుస్తుల్లో లేకపోతే తాడు అవతల ప్రేక్షకుల్లోనే. తాడు ఇవతలికి రావాలంటే క్యాంపు ఆడమనిషి వేషం ఒకటే దారి: ఒకదాని మీద ఒకటి రెండు ఉన్ని లంగాలు, బెడ్‌గౌను అనే వదులు జాకెట్టు, మెడ రుమాలు, లినెన్ టోపీ, క్లోకు. ఉగాదికి పిల్ల లంగావోణీ కట్టుకోలేదని వారం రోజులు మూతి ముడిచే తల్లి, 1770ల నాటి పరాయి లంగాలు రెండు వేసుకుని మంచులో నిలబడటం చూసి పిల్ల ఏమీ అనకపోవడం ఆమె మంచితనం.

ఇక్కడ మనవాళ్ళకు ఒక గర్వం తొందర పడుతుంది, నాకూ పడింది. కోరమాండల్ తీరం పువ్వుల అచ్చు బట్టలు, మచిలీపట్నం కలంకారీతో సహా, ఆ శతాబ్దంలో సముద్రాలు దాటాయి. ఇంగ్లండులో 1774 దాకా అచ్చు నూలు బట్టల మీద నిషేధం ఉన్నా, తిరిగి ఎగుమతి చేయడానికి అడ్డు లేదు కాబట్టి అమెరికా వలసలకు చేరేవి. ఇంకేం, మన బట్ట, మన చరిత్ర అని కలంకారీ గౌను కుట్టించేయకండి. చలి క్యాంపులో పటాలం వెంట నడిచే పేద ఆడవాళ్ళకు అంత ఖరీదైన బట్ట ఎక్కడిది, పైగా నూలు పైట నిప్పు దగ్గర ప్రమాదం. లంగా కింద నడుముకు కట్టుకునే విడి జేబు ఉంటుంది, దానికి తెల్ల నేల మీద చిన్న పువ్వుల ముక్క సరిపోతుంది. దేవుడి బొమ్మల ప్రింటు మాత్రం వద్దు.

తనిఖీలో వాచీ, కళ్ళజోడు, నెయిల్ పాలిష్ తీసేయమంటారు. కళ్ళజోడుకు కాంటాక్టులు ఉన్నాయి. గుళ్ళో కట్టించిన ఎర్ర కంకణానికి ఏముంది? ఒక తల్లి కత్తిరించింది, ఒక తల్లి చేతితొడుగు కిందికి తోసింది. ఏది సరైందంటే నేను రెండు వారాల్లో రెండు రకాలుగా చెప్పగలను.

ప్రేక్షకులు పిల్లను "మీరెక్కడి నుంచి?" అని అడుగుతారు. ఎక్కువమంది పాత్రనే అడుగుతారు, కొందరు పాత్రను అడగరు. మసాచుసెట్స్ రేవు ఊరు మార్బుల్‌హెడ్ నుంచి వచ్చిన జాన్ గ్లోవర్ రెజిమెంటులో, డెలావేర్ దాటిన ఆ రాత్రి పడవలు నడిపినవాళ్ళలో, నల్లజాతివాళ్ళూ ఆదివాసులూ ఉన్నారని పిల్లకు చెప్పి పెట్టండి. గోధుమరంగు ముఖం వరుసలో ఉండటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని తెలియాలి. అంతవరకు సలహా ఇవ్వగలను. ఆ తర్వాత పిల్ల "మార్బుల్‌హెడ్" అని జవాబు చెప్పి నవ్వినప్పుడు, ఆ నవ్వులో గుంటూరు ఉందా లేదా అని వెతికే పని ఎందుకు పెట్టుకుంటామో నాకు అంతుపట్టదు. అమ్మమ్మకు వీడియో కాల్లో చూపిస్తే "నాటకమా, బాగుంది" అని ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోతున్నాను.

ఇంటికొచ్చాక బూట్లను హీటర్ గాలి దగ్గర పెట్టకండి, తోలు పగిలిపోతుంది. లోపల పాత పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చి, రెండు మూడు రోజులు మామూలు గదిలో ఆరనిచ్చి, తర్వాత నూనె పట్టించండి. ఉన్ని కోటు ఉతకొద్దు. బురద ఎండాక బ్రష్షు కొడితే చాలు.

16 దాటితే చాలా యూనిట్లలో తుపాకి పట్టొచ్చు, నేషనల్ పార్క్ సర్వీస్ స్థలాల్లోనూ వయసు అదే. మైనరుకు తల్లో తండ్రో ఫారం మీద సంతకం పెట్టాలి. బ్రౌన్ బెస్ అనే ఆనాటి తుపాకి దాదాపు పది పౌన్ల బరువు, కొత్త నకలు ఖరీదైనదే, అయినా యూనిట్ అరువిస్తుంది కాబట్టి డబ్బు సాకు చెల్లదు. చిన్నప్పుడు నీళ్ళ తుపాకి కూడా కొననివ్వని ఇల్లు మాది. బళ్ళో కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్లు చేసి వచ్చిన సాయంత్రాలు ఈ దేశంలో తుపాకుల గురించి పిల్లకు ఏం చెప్పానో నాకు గుర్తుంది, దానికీ గుర్తుంది. ఇది చరిత్ర, అది వేరు అని నేనంటే ఎలా వేరో చెప్పమంటుంది. వద్దంటే, మరి ఇన్నేళ్ళు ఆ తుపాకుల ముందు ఫైఫ్ ఎందుకు ఊదనిచ్చావని అడుగుతుంది. ఫారం ఇంకా నా బల్ల మీదే ఉంది.