గ్రానోసెన్ కొండ దగ్గర ఒక శనివారం

నార్వేలోని ట్రాండ్‌హైమ్ వెళ్తున్నానని ఫోన్‌లో చెబితే నాన్న మొదట అడిగింది, "ఆ చలిలో ఏం వేసుకుంటావురా?" అని. తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా ప్యాంట్లు కుట్టిన మనిషి ఇంకేం అడుగుతాడు! ఏ ఊరు, ఏ ఆట అన్నది ఆయనకి తర్వాత సంగతి. లోపల ఉన్ని బట్టలు, వాటి మీద స్వెటర్, దాని మీద గాలి దూరని జాకెట్ అని చెప్పాను. "మూడు పొరలా? చంకల దగ్గర పట్టెయ్యదూ?" అన్నాడు. నిజంగానే పట్టేసింది.

ఆఫీసు పని మీద ఆర్నెల్లకని ఓస్లో వచ్చాను. మా పిన్ని కొడుకు ట్రాండ్‌హైమ్‌లో, అక్కడి ఎన్‌టీఎన్‌యూ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2025 ఫిబ్రవరి 26 నుంచి మార్చి 9 దాకా ఆ ఊళ్లో నార్డిక్ స్కీ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. "అన్నయ్యా, ఇక్కడ తిరణాల జరుగుతోంది, నువ్వు ఓస్లోలో కూర్చుని ఏం చేస్తావ్" అంటూ రోజూ మెసేజ్‌లు పెట్టేవాడు. చివరికి నన్ను అడక్కుండానే మార్చి 8, శనివారానికి రెండు టికెట్లు కొనేశాడు. ఆ రోజు మగవాళ్ల లార్జ్ హిల్, అంటే పెద్ద కొండ, స్కీ జంపింగ్. నాకు ఆ ఆట గురించి తెలిసిందల్లా ఒకటే, మనుషులు కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని కొండ మీంచి దూకుతారని.

శుక్రవారం రైలెక్కాను. ఓస్లో నుంచి ఏడు గంటలకు కాస్త అటూ ఇటూ. లిల్లెహామర్ దాటేదాకా ఒక పక్క పెద్ద సరస్సు, ఆ తర్వాత లోయ, ఆ పైన డోవ్రే పీఠభూమి. అక్కడ కిటికీలోంచి చూస్తే నేలకీ ఆకాశానికీ మధ్య గీత లేదు, అంతా సున్నం వేసినట్టు తెలుపు. నా ఎదురు సీటామె ఆ ఏడు గంటలూ మేజోళ్లు అల్లుతూనే ఉంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నార్వేలో అది అమర్యాద కాదని ఈపాటికి నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్న గ్రానోసెన్ వెళ్లే బస్సులో మాత్రం ఆ నార్వే కనబడలేదు. చెంపల మీద జెండా రంగులు, మెడలో ఆవు గంటలు, అసలు బస్సు నడుస్తుండగానే పాటలు. తమ్ముడు నా చేతిలో ఒక చిన్న ఫోమ్ ముక్క పెట్టాడు. కూర్చునేటప్పుడు కింద వేసుకోడానికట. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుందట అది. మన దగ్గర కార్తీక వనభోజనాలకి చాప చంకన పెట్టుకుని వెళ్లినట్టు వీళ్లు దీన్ని పట్టుకుని బయల్దేరతారు. ఆ రోజు నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన వస్తువు అదే.

గ్రానోసెన్ ఊరి శివార్లలో ఉంటుంది. స్కీ పరుగు దారులు, దూకే కొండలు అన్నీ పక్కపక్కనే. 1997లోనూ ఈ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. మేం వెళ్లేసరికి 50 కిలోమీటర్ల స్కీ పరుగు నడుస్తోంది. ఈ ఊళ్లోనే పెరిగిన యొహన్నెస్ హోస్‌ఫ్లోట్ క్లేబో అప్పటికే ఐదు స్వర్ణాలు గెలిచి, ఆరో దానికి పరిగెత్తుతున్నాడు. గెలిచేశాడు కూడా. ఒకే చాంపియన్‌షిప్‌లో ఆరు పోటీలు, ఆరు స్వర్ణాలు. ఆ అరుపుల గురించి వేరే రాయాలి, ఇక్కడ కుదరదు. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన మాత్రం అరవలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నాలుగు గంటలు మాకు గురువు ఆయనే.

మధ్యాహ్నం దాటాక జనం కొండ వైపు తిరిగారు. టీవీలో చూస్తే ఆ కొండ ఏటవాలు తెలియదు. కింద నిలబడి తల వెనక్కి వంచి చూస్తే, పైన కట్టిన బల్ల మీద కూర్చున్న మనిషి గోడ మీద బల్లిలా కనిపిస్తాడు. ఆ బల్ల మీంచి జారితే గంటకి 90 కిలోమీటర్లు దాటిన వేగంతో అంచు దగ్గరికి వస్తాడు. అక్కడ లేవాలి. ఒక్క కాస్త ముందు లేచినా, ఒక్క కాస్త ఆలస్యమైనా అంతే. తర్వాత నాలుగైదు సెకన్లు గాల్లో. మనం అనుకున్నంత ఎత్తులో కూడా ఉండడు. కొండ కిందికి పోతూ ఉంటే దాన్ని ఆనుకున్నట్టే తనూ కిందికి పోతుంటాడు. ముందుకి ఎంతలా వాలతాడంటే ముక్కు స్కీల కొసలకి తగులుతుందేమో అనిపిస్తుంది. స్కీలు ముందు విచ్చుకుని వి ఆకారంలో ఉంటాయి. 1980లలో యాన్ బొక్లోవ్ అనే స్వీడన్ కుర్రాడు అలా ఎగిరితే చూడ్డానికి బాగా లేదని జడ్జీలు మార్కులు కోశారట. 1988-89లో అతనే ప్రపంచ కప్ గెలిచాక అందరూ అలాగే ఎగరడం మొదలెట్టారు.

మొదటి ఐదారుగురు దూకేదాకా నాకు ఊపిరాడలేదు. అంటే భయంతో. పడితే ఏంటి అన్నదే ఆలోచన. పదో వాడు వచ్చేసరికి భయం పోయి లెక్కలు మొదలయ్యాయి. ఆ లెక్కలు పెద్దాయన చెప్పాడు, తమ్ముడు నాకు తెలుగులో దింపాడు. కొండ మీద కె పాయింట్ అని ఒక గీత ఉంటుంది. అక్కడ దిగితే 60 పాయింట్లు. ఇంత పెద్ద కొండ మీద ఆ గీత దాటిన ప్రతి మీటరుకీ 1.8 కలుపుతారు, తగ్గిన ప్రతి మీటరుకీ తీసేస్తారు. దాని మీద ఐదుగురు జడ్జీలు, ఒక్కొక్కరు ఇరవైకి వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ ఒకటి, తక్కువ ఒకటి కొట్టేసి మిగతా మూడు కలుపుతారు. దిగేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్లు వంచాలి. దాన్ని టెలిమార్క్ అంటారు, నార్వేలో ఒక ప్రాంతం పేరు. రెండు కాళ్లూ కలిపి ధభీమని దిగితే ఎంత దూరం పోయినా జడ్జీల మొహాలు మాడిపోతాయి.

నాకు తలకెక్కనిది గాలి లెక్క. ఎదురుగాలి ఉంటే పాయింట్లు తీసేస్తారు, వెనక నుంచి వీస్తే కలుపుతారు. "తిరగేసి చెబుతున్నావేమో" అని తమ్ముణ్ణి రెండుసార్లు అడిగాను. మనకి ఎదురుగాలి అంటే సైకిల్ తొక్కలేకపోవడం. వీళ్లకి అదే వరం. కింద నుంచి ఎత్తి పట్టుకుంటుంది. పెద్దాయన తన జాకెట్ చైను తీసి, రెండు అంచులూ చేతుల్తో చాచి గాలికి పట్టి చూపించాడు. గబ్బిలంలా ఉన్నాడు. "బట్ట ఎంత ఎక్కువుంటే అంత" అని నవ్వాడు. అందుకే ఈ ఆటలో బట్టలకి కొలతలుంటాయట. బట్ట మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు, గాలి దానిలోంచి ఇంత దూరి తీరాలని నిబంధన, ఒంటికంటే ఇన్ని సెంటీమీటర్లకి మించి లూజు ఉండకూడదు. ఆ ఏడాది నుంచి ఒక్కో సూట్‌కీ చిప్పులు కూడా పెట్టారు, పరీక్షించిన సూట్‌ని తర్వాత మార్చకుండా. ఇది మాత్రం నాన్నకి చెప్పాలి అనుకున్నాను.

మొదటి రౌండ్‌లో యాభై మంది, రెండోదానికి ముప్పై మంది. రెండో రౌండ్‌లో వెనకబడ్డవాళ్లు ముందు దూకుతారు, అందువల్ల చివరికొచ్చేసరికి టెన్షన్ గొంతు దాకా వస్తుంది. జనమంతా ఎదురుచూస్తున్నది మారియుస్ లిండ్‌విక్ కోసం. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈ లార్జ్ హిల్ స్వర్ణం అతనిదే. ఇదే గ్రానోసెన్‌లో, ఇదే వారంలో చిన్న కొండ మీద కూడా గెలిచాడు. అతను బల్ల మీదికి జరిగినప్పుడు వేలమంది ఒక్కసారిగా మాట ఆపేశారు. కోచ్ జెండా ఊపాడు. జారడం మొదలెట్టగానే కింద నుంచి ఒక అరుపు మొదలై, అతను అంచు దగ్గరికి వచ్చేకొద్దీ పెరుగుతూ పోయింది. మన ఊళ్లో రథం చక్రం కదిలేటప్పుడు వస్తుందే, ఆ అరుపు. నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలియదు, తెలుగులోనే అరిచి ఉంటాను.

గెలిచింది మాత్రం స్లొవేనియా వాడు డొమెన్ ప్రెవ్‌ట్స్. అతను గాల్లో ఉన్నప్పుడు ఒళ్లు దాదాపు స్కీలకి అంటుకుపోతుంది, కత్తిని ఒరలో పెట్టినట్టు. అతని అన్న పీటర్ ఈ ఆటలో పెద్ద పేరు. చెల్లెలు నీకా ఇదే చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ల రెండు కొండల స్వర్ణాలూ పట్టుకుపోయింది. ఇంట్లో అందరూ ఇదే పని. లిండ్‌విక్‌కి రెండో స్థానం, ఆస్ట్రియా వాడు యాన్ హర్ల్‌కి మూడోది. నార్వేకే చెందిన యోహాన్ ఆంద్రే ఫోర్‌ఫాంగ్ ఐదోవాడు. పెద్దాయన తన చాక్లెట్ బార్‌లో చివరి రెండు ముక్కలు మా ఇద్దరికీ ఇచ్చి, చేతులు కలిపి వెళ్లిపోయాడు. మేం సగం బురదైన మంచులో జారుకుంటూ బస్సు దాకా నడిచాం.

రాత్రి తమ్ముడి గదిలో టమాటా పప్పు పొయ్యి మీద ఉంది. నేను అన్నం కడుగుతున్నాను. వాడు ఫోన్ చూస్తూ "అన్నయ్యా" అన్నాడు, మళ్లీ ఏం అనలేదు. వెళ్లి చూస్తే లిండ్‌విక్ డిస్‌క్వాలిఫై, ఫోర్‌ఫాంగ్ కూడా. సూట్లు. తెర చాటున నార్వే జట్టు వాళ్లు మిషన్ మీద సూట్లు కుడుతుండగా ఎవరో దొంగచాటుగా తీసిన వీడియో బయటికొచ్చింది. ఆస్ట్రియా, స్లొవేనియా, పోలండ్ జట్లు ఫిర్యాదు చేశాయి. కుట్లు విప్పి చూస్తే లోపల బిరుసు దారం దొరికింది. హర్ల్ రెండో స్థానానికి జరిగాడు, జపాన్ వాడు ర్యోయు కొబయాషి మూడో స్థానానికి వచ్చాడు.

పప్పు అడుగంటింది.

ఆ దారం వల్ల ఏమవుతుందో తమ్ముడికి అర్థం కాలేదు. భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ వాడిది, కానీ నాకు వెంటనే అర్థమైంది. షర్టు కాలర్లో క్యాన్వాసు ఎందుకు పెడతారు? నిలబడ్డానికి. కాళ్ల సందు దగ్గర బట్ట మెత్తగా ఉంటే గాలికి ముడుచుకుపోతుంది. బిరుసుగా ఉంటే తెరచాపలా సాగి నిలబడుతుంది. చిన్నప్పుడు నాన్న కొట్లో, మిషన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, తప్పు సైజు కుట్టిన ప్యాంట్లు విప్పే పని నాది. బ్లేడుతో కుట్టు విప్పితే లోపల ఏముందో అప్పటిదాకా వేసుకున్నవాడికి కూడా తెలియదు. లిండ్‌విక్, ఫోర్‌ఫాంగ్ కూడా తమకి తెలియదనే అన్నారు. నమ్మాలా వద్దా అన్నది నేనైతే తేల్చుకోలేకపోయాను. వేసుకున్నవాడికి కుట్టు తెలియకపోవచ్చు. కానీ గాల్లో తేడా తెలియదా అన్న అనుమానం ఆ రాత్రంతా వదల్లేదు. నాకు అంతకంటే చికాకు పెట్టింది ఇంకోటుంది. ఆ ఎగరడం చూసి నా ఒళ్లు జలదరించింది కదా. అందులో ఎంత అతనిది, ఎంత దారానిది?

ఆదివారం పొద్దున్న నిదారోస్ చర్చి చూశాం. ఒలావ్ అనే రాజు సమాధి మీద 1070 నుంచి కట్టడం మొదలెట్టారట. ముందు గోడ నిండా రాతి విగ్రహాలు, వరసల మీద వరసలు. పాత వంతెన మీద నుంచి చూస్తే నది ఒడ్డున ఎర్ర, పసుపు కొయ్య గోదాములు నీళ్లలోకి కాళ్లు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటాయి. బాగుంది. కానీ ఊరు ముందురోజులా లేదు. కాఫీ కొట్లో పక్క బల్ల దగ్గర నలుగురు చేతిలో ఫోన్లతో గొణుక్కుంటున్నారు. కౌంటర్లో అమ్మాయి వాఫిల్ మీద గోధుమరంగు చీజ్ పెట్టి ఇస్తూ, నేను అడక్కపోయినా, "నిన్న మీరక్కడున్నారా? సిగ్గుగా ఉంది" అంది. ఆమె చేసిందేం లేదు. మన జట్టు ఓడితే మనం టీవీ పగలగొడతాం గానీ, ఇలాంటి సిగ్గు నాకు కొత్త.

తిరుగు రైలెక్కాక తెలిసింది, నార్వే జట్టు పెద్దే మోసం చేశామని ఒప్పుకున్నాడని. కోచ్‌నీ, సూట్లు కుట్టే అతన్నీ పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆగస్టులో జంపర్లిద్దరికీ మూడేసి నెలల నిషేధం పడింది, వాళ్లు ఒప్పుకున్నారు. చిన్న కొండ స్వర్ణం లిండ్‌విక్ దగ్గరే ఉంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

రైల్లోంచి నాన్నకి ఫోన్ చేశాను. చిప్పుల దగ్గర్నించి మొదలెట్టి అంతా చెప్పాను. మధ్యలో ఆపి బట్ట మందం మళ్లీ అడిగాడు. ఐదారు మిల్లీమీటర్ల బట్టకి ఏ సూది వాడతారని అడిగాడు. నాకేం తెలుస్తుంది. "రాత్రికి రాత్రి కుట్టాడా? చిప్పు కదలకుండా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది, మెచ్చుకోలు అని రాయడానికి నాకు ఇష్టం లేదు.

"మరి ఆ కుట్టినతన్ని ఏం చేశారు?"

"పక్కన పెట్టార్ట నాన్నా."

"కుట్టమన్నదెవరు?"

"కోచ్ అంటున్నారు. ఆయన్నీ తీసేశార్లే."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక అమ్మ ఏదో అడుగుతోంది, కుక్కర్ కూత వినిపిస్తోంది. "కొలతలు తీసుకునేటప్పుడు కుర్రాళ్లకి చెప్పాల్సింది" అన్నాడు. అంతలో రైలు సొరంగంలోకి వెళ్లింది, లైను తెగిపోయింది. బయటికొచ్చాక మళ్లీ చేస్తే అమ్మ ఎత్తింది. నాన్న భోజనానికి కూర్చున్నాడంది. "ఆ జాకెట్టు చంకలు పట్టేశాయా లేదా అడగమంటున్నారు" అంది.