అది విజిల్ కాదే, తాలింపు

అక్టోబరు చివరి ఆదివారం. ష్రూస్‌బరీలో మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నేనూ మా అమ్మాయీ తన కాలేజీ అప్లికేషన్ వ్యాసంలోని ఒక్క పేరా గురించి గంటసేపు వాదించుకున్నాం. మసాచుసెట్స్‌లోనే, మాకు పక్క ఊరైన వుస్టర్‌లో వుస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అందరూ డబ్ల్యూపీఐ అంటారు. దానికి అప్లికేషన్ పంపడానికి ఇంకా కొద్దిరోజులే ఉంది. ఆ పేరా తీసెయ్యమని నేను. అది తీసేస్తే ఇక ఇందులో ఏముంటుంది నాన్నా అని తను.

ఆ పేరాలో ఉన్నది మా అమ్మ వంటిల్లు.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కొన్నేళ్లుగా చెవులు సరిగ్గా వినపడవు. మిషను పెట్టుకుంటే తల నొప్పిగా ఉందంటుంది. కుక్కర్ పెట్టి హాల్లోకొచ్చి కూర్చుంటే ఎన్ని విజిళ్లు వచ్చాయో తెలియదు. పప్పు మాడిపోయిందని రెండు మూడుసార్లు ఫోన్లో చెప్పింది. అప్పుడు పదో తరగతిలో ఉన్న మా అమ్మాయి అది విని, ఆర్డినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి మైకు తగిలించి, విజిల్ వచ్చినప్పుడల్లా హాల్లో ఎర్రలైటు వెలిగేలా ఒక డబ్బా తయారుచేసింది. ఇక్కడ మా కుక్కర్‌తో ఇరవైసార్లు చూసుకుంది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ వేసవి సెలవుల్లో దాన్ని తెనాలి తీసుకెళ్లింది. మొదటిరోజే మా అమ్మ ఒక పొయ్యి మీద కుక్కర్ పెట్టి, రెండో పొయ్యి మీద మూకుడులో నూనె వేసింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి తుంచి వేసింది. కడిగిన కరివేపాకు రెమ్మ దూసి తడితోనే వేసేసరికి మూకుడు సుయ్యిమంది. హాల్లో లైటు వెలిగింది. "నాయనమ్మా, వచ్చింది! ఒక విజిల్!" అని మా అమ్మాయి గంతులేసింది. మా అమ్మ ఓసారి లైటు వైపు, ఓసారి పొయ్యి వైపు చూసి, "అది విజిల్ కాదే తల్లీ, తాలింపు" అంది.

మైకుకి ఆవిరి బుసా తాలింపు సుయ్యీ ఒకటే. మూడురోజులు కూర్చుని కోడ్ మార్చింది. శబ్దం కొన్ని సెకన్లపాటు ఆగకుండా వస్తేనే లెక్కలోకి తీసుకోమంది. మిక్సీ వేస్తే మళ్లీ వెలిగింది. నాలుగోరోజు ల్యాప్‌టాప్ మూసేసి, వంటింట్లో పీట వేసుకుని నాయనమ్మ ఏం చేస్తుందో చూడటం మొదలుపెట్టింది. ఒక్కో విజిల్‌కి మా అమ్మ గట్టు మీద ఒక శనగపప్పు బద్ద పక్కకి జరుపుతుంది. నిలబడగలిగినంతసేపు లెక్క తప్పదు. మోకాళ్లు ఆగకపోతేనే హాల్లోకి వెళ్తుంది. మరి వినపడకుండా విజిల్ వచ్చిందని నీకెలా తెలుస్తుంది అని అడిగితే, "ఆవిరి చేతికి తగులుతుంది కదే" అంది. అంతే. మర్నాడు విజయవాడ వెళ్లి వేడి కొలిచే చిన్న సెన్సర్ కొనుక్కొచ్చాం. దాన్ని పొయ్యి పైన అల్మరా కింద బిగించింది. శబ్దమూ వేడీ రెండూ ఒకేసారి పెరిగితేనే లైటు వెలగాలి. కుక్కర్ మాత్రం ఎప్పుడూ ఎడమ పొయ్యి మీదే పెట్టాలి. మా అమ్మ ఇప్పటికీ అలాగే పెడుతోంది.

నేను తీసెయ్యమన్నది ఆ తాలింపు పేరానే. డబ్బా చేసింది, పనిచేస్తోంది, అది రాస్తే చాలు కదా. పనిచెయ్యని సంగతి మనమే ఎందుకు చెప్పుకోవాలి? నిజంగా అలాగే అనుకున్నాను. ఎంసెట్ రాసి వచ్చినవాణ్ణి నేను. నా ర్యాంకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రెండేళ్ల ఇంటర్ హాస్టల్‌లో మాకు తెలిసిందల్లా సరైన జవాబు, అదీ నిమిషంలోపు. తప్పు చేస్తే దిద్దుకోవడానికి టైమ్ ఉండేది కాదు, ఇక దాని గురించి రాయడమా!

ఇక్కడ లెక్క వేరు. చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్ పంపే కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాలు. పిల్లలు చేసిన పనులకి పది గడులు, ఒక్కో దానికి 150 అక్షరాలు. ఆష్‌ల్యాండ్ లక్ష్మీ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ మా తెలుగువాళ్లం మాట్లాడుకునేదంతా ఆ పది గడులు ఎలా నింపాలనే. కూచిపూడి, మ్యాథ్ టీమ్, రోబోటిక్స్, వాలంటీరింగ్. నేనూ పది నింపమనే పోరాను. మా అమ్మాయి ఆరు రాసి ఆపేసింది. మిగతావి నేను నిజంగా చెయ్యలేదు నాన్నా అంది.

దాని మనసు ఈ కాలేజీ మీదికి ఎందుకు పోయిందో నాకు మొదట్లో అర్థం కాలేదు. 1865లో పెట్టిన కాలేజీ. క్యాంపస్‌లో రెండు పాత భవనాలకి చెరో టవర్ ఉంటుంది. బాయింటన్ హాల్ చదువుకి, వాష్‌బర్న్ షాప్స్ చేతిపనికి. వాష్‌బర్న్‌లో ఆ రోజుల్లో విద్యార్థులు అమ్మకానికి పెట్టే వస్తువులే తయారుచేసేవారట. ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్ ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్ 1908లో పట్టా తీసుకున్నది ఇక్కడే. 1926లో ఆ రాకెట్ లేచిన ఆబర్న్ పొలం వుస్టర్ పక్కనే. 1970లో ఈ కాలేజీ చదువు పద్ధతినే మార్చేసి ప్రాజెక్టుల చుట్టూ తిప్పింది. ఏడు వారాల టర్మ్‌లు, ఏడాదికి నాలుగు, టర్మ్‌కి మామూలుగా మూడు సబ్జెక్టులు. చివరి ఏడాది తమ బ్రాంచిలో ఒక పెద్ద ప్రాజెక్టు. దానికి ముందు, ఎక్కువమంది మూడో ఏట, తమ బ్రాంచికి సంబంధం లేని ఇంకో ప్రాజెక్టు చెయ్యాలి. బ్యాంకాకో వెనిసో కేప్‌టౌనో వెళ్లి, అక్కడివాళ్లతో కలిసి వాళ్ల ఇబ్బంది ఏంటో తెలుసుకుని పనిచేస్తారు. ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతా యాభైకి పైనే ఉన్నాయి. నీధమ్‌లోని ఓలిన్ కాలేజీదీ ప్రాజెక్టుల దారే. 2002లో మొదటి బ్యాచ్ చేరిన చిన్న కాలేజీ అది. చివరి వడపోతకి పిలిచినప్పుడు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఏదో ఒకటి కట్టిస్తారు. అదీ మా లిస్టులో ఉంది.

డబ్ల్యూపీఐలో నాకు మింగుడుపడనిది గ్రేడ్ల సంగతి. ఏ, బీ, సీ ఉంటాయి. పాస్ కాకపోతే మార్కుల జాబితాలో ఆ సబ్జెక్టే కనపడదు. ఫెయిలైతే రాయకపోవడమేంటి, అలాగైతే భయం ఉంటుందా అన్నాను. "భయం లేకపోతేనే కదా రాని సబ్జెక్టు కూడా తీసుకుంటాను" అంది మా అమ్మాయి. ఇక్కడి కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్ మార్కులు పంపడం తప్పనిసరి కాదని 2007లోనే చెప్పిన కాలేజీ, 2021లో అసలు చూడబోమని ప్రకటించింది. శాట్ కోచింగ్‌కి రెండు వేసవులు కారులో తిప్పిన నాకు ఆ విషయం తెలిసినరోజు చాలా కష్టంగా అనిపించింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఏడాది మొత్తం ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది. మసాచుసెట్స్‌లో ఉన్నవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ యూమాస్‌లో దాదాపు సగమే. స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారో చూశాకే మాట ఇస్తానని ముందే చెప్పాను. తనూ ఒప్పుకుంది.

ఆ ఆదివారం వాదన సాగుతుండగా మా అమ్మాయి మామూలుగానే అడిగింది. "నీ ఇంజనీరింగ్ ప్రాజెక్టు ఏంటి నాన్నా?" ఇరవయ్యేళ్లలో ఎవరూ అడగలేదు. అబద్ధం చెప్పలేకపోయాను. 2003లో మా బ్యాచ్ నలుగురం మనిషికి మూడువేలు వేసుకుని, హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కొచ్చాం. ఒక కిట్టు, ఒక సీడీ, నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో మా పేర్లున్న నాలుగు రిపోర్టులు. పైన ఓవర్‌హెడ్ ట్యాంకు నీటి మట్టం నియంత్రణ అని ఉంటుంది. నాకు ఆ పేరు ఒక్కటే గుర్తుంది. వైవాలో రెండు ప్రశ్నలు అడిగారు. షాపులో చెప్పిన జవాబులే చెప్పాం.

మా అమ్మాయి ఏమీ అనలేదు. నేనే ల్యాప్‌టాప్ దాని వైపు తిప్పి, ఆ పేరా ఉంచెయ్యమన్నాను.

జనవరిలో సీటు వచ్చిందని తెలిసిన రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాం. మా అమ్మాయి ముందుగా అడిగింది ఆ రిపోర్టు గురించే. పనమ్మాయి అటక మీద నుంచి దింపి ఇచ్చింది. అమ్మ దుమ్ము దులిపి ఒక్కో పేజీ ఫోను ముందు పట్టుకుంది. సర్క్యూట్ బొమ్మ దగ్గర "ఆపు నాయనమ్మా" అంది మా అమ్మాయి. స్క్రీన్‌షాట్ తీసి, పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"నాన్నా, రిలే పక్కన డయోడ్ తిరగబడి ఉంది. ఇలా కడితే మోటరు ఆన్ అవ్వకముందే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది."

ఆ పేజీ కింద మా నలుగురి సంతకాలు, గైడ్ సంతకం, ఎక్స్‌టర్నల్ సంతకం ఉన్నాయి.

నేను మాట్లాడే లోపే మా అమ్మాయి ఫోను దగ్గరికి జరిగింది. "నాయనమ్మా, మన ట్యాంకు నిండితే నీకెలా తెలుస్తుంది?"