బూట్లు లేని పాదాలు

చిన్నప్పుడు వానకు తడిసిన మైదానంలో ఒట్టికాళ్లతో ఫుట్‌బాల్ ఆడుతుండగా ఎదుటివాడి బూటు తగిలి నా బొటనవేలి గోరు ఊడిపోయింది. ఆ నొప్పి ఇంకా గుర్తుంది కాబట్టే, 1911 నాటి మోహన్ బగాన్ అనే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు జట్టు ఫొటో ఇవాళ కంటపడగానే నా చూపు ముందుగా ఆటగాళ్ల పాదాల మీదికి వెళ్లింది. ఆ ఏడాది జూలై 29న కలకత్తాలో జరిగిన ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫుట్‌బాల్ టోర్నమెంటు ఫైనల్లో బ్రిటిష్ సైన్యానికి చెందిన ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ సైనికులను ఎదుర్కొన్న పదకొండు మందిలో సుధీర్ ఛటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు. మొదటి గోల్ కూడా సైనికులదే. అయినా కుంగిపోకుండా కెప్టెన్ శివదాస్ భాదురి స్కోరు సమం చేయగా, ఆట ముగియవస్తుండగా అభిలాష్ ఘోష్ రెండో గోల్ కొట్టారు. 1905లో బ్రిటిష్ పాలకులు చేసిన బెంగాల్ విభజన గాయం ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి కనుక, జనం దాన్ని ఒక క్లబ్బు గెలుపుగా కాక, పాలకులను ఓడించవచ్చుననడానికి రుజువుగా చూశారు. ఆ డిసెంబరులో విభజన రద్దు ప్రకటన రావడానికి ఈ మ్యాచే కారణమంటే మాత్రం అది అతిశయోక్తి అనే నా అభిప్రాయం. నాకు అంతుపట్టనిది వేరే ఉంది: ఒక గోల్ వెనకబడ్డాక కూడా ఆ ఒట్టి పాదాలు బూట్లకు ఎదురుగా మళ్లీ ఎలా వెళ్లాయన్నది. గోరు ఊడాక నేనైతే నెల రోజులు బంతి జోలికి పోలేదు.