కాగితం కోయని మిషను గడ్డి కోస్తుందా?

గడ్డి కోసే మిషను ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే లాన్ అంతా కోసి, చెమట ఆరకముందే ఇది రాస్తున్నాను. కోపం చల్లారితే సగం సంగతులు మరిచిపోతాను.

మాది సికింద్రాబాద్ సైనిక్‌పురిలో పాత ఇల్లు. ముందు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు లాన్. వేసింది బెర్ముడా, అంటే మన గరికే, కాస్త నాజూకు రకం. ఇన్నాళ్లూ తోటమాలి నెలకోసారి వచ్చి, భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్‌తో కొట్టి వెళ్లేవాడు. దాని చివర గిర్రున తిరిగే నైలాన్ తీగ గడ్డిని కోయదు, చితక్కొడుతుంది. ఒకటి రెండు రోజుల్లో కొసలన్నీ పీచు లేచి తెల్లబడతాయి. పైగా వానాకాలంలో అతను వచ్చేసరికి గడ్డి చీలమండ దాటి ఉంటుంది. ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదయ్యా అంటే, "మూడో వంతుకైనా మొత్తానికైనా కూలి ఒకటే కదమ్మా" అనేవాడు.

ఏ రకం కొనాలో తేల్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. పెట్రోలు మిషను పక్కింటి కల్నల్ గారి దగ్గర ఉంది. ఆదివారం పొద్దున ఆయన దాన్ని స్టార్ట్ చేస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంటే కార్బురేటర్ మొరాయిస్తుంది, ఆయనకు ఏటా అదే తంతు. కరెంటుదైతే వైరును వెంట ఈడ్చుకుంటూ, అది బ్లేడు కింద పడకుండా కాచుకుంటూ తిరగాలి. అది కొనేవాళ్లు ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాకు తగిలితే కరెంటు తీసేసే స్విచ్చు, ఉందో లేదో ముందు చూసుకోండి. బ్యాటరీది మంచిదే, కానీ నాలుగేళ్ల తర్వాత మిషను బాగున్నా కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే ఆ ఖర్చు నాకు నచ్చలేదు. ఇక మిగిలింది చేత్తో తోసే రీల్ మోవర్.

అది కొనడానికి రాణిగంజ్ వెళ్లాం. వెళ్లిన మొదటి దుకాణం పేరు రాయను. రాయాలని మాత్రం చాలా ఉంది.

"సార్, ఎంత స్థలం?" అని సేల్స్ కుర్రాడు మా వారిని అడిగాడు. ఆయన స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. "నన్నడక్కు బాబూ, గడ్డి ఆవిడది" అన్నారు. 300 చదరపు అడుగులని నేను చెబితే, అతను తిన్నగా 18 అంగుళాల పెట్రోలు మిషను దగ్గరికి తీసుకెళ్లాడు. ధర ముప్పై వేల పైచిలుకు. అడుగు వెడల్పున కోసుకుంటూ పోయినా 15 వరసలు, వరసకు 20 అడుగులు, మొత్తం 300 అడుగుల నడక. పాల ప్యాకెట్టుకు వీధి చివరికి వెళ్లి రావడం ఇంతకన్నా దూరం. ఈ లెక్క చెప్పి, చేత్తో తోసేది చూపించమంటే, "అది పాత మోడల్ మేడమ్, ఇప్పుడెవరూ కొనడం లేదు" అని మూలకు చెయ్యి చూపించాడు. పాతదే, కాదనను. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడింగ్ అనే ఆయన, ఉన్ని బట్ట మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి ఈ పద్ధతిని కనిపెట్టాడు. క్రికెట్ పిచ్ మీద, గోల్ఫ్ గ్రీన్ మీద ఇప్పటికీ గడ్డి కోసేది ఇదే పద్ధతి.

ఇందులో మెలి తిరిగిన ఐదు బ్లేడ్లు చక్రాలతోపాటు తిరుగుతూ, కింద కదలకుండా ఉండే మరో బ్లేడుకు ఆనుకుని కత్తెరలా కోస్తాయి. ఆ రెంటి మధ్య సందు సరిగ్గా ఉంటేనే గడ్డి తెగుతుంది. అది తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. సందులో కాగితం పెట్టి, వేళ్లు దూరంగా ఉంచుకుని, రీల్‌ను నెమ్మదిగా తిప్పాలి. కాగితం శుభ్రంగా తెగాలి. నేను కాగితం అడిగాను.

"కాగితమెందుకు మేడమ్, ఇది గడ్డి కోసే మిషను" అన్నాడు కుర్రాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని మా వారి వైపు తిరిగి, "సార్, మేడమ్‌కు మంచి కత్తెర కొనిపెట్టండి" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. బోల్టులు కొనడానికి వచ్చినాయన కూడా. ఉద్యోగమంతా పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని, చెవులు వేడెక్కాయి. మా వారు ఫోనులోంచి తల ఎత్తలేదు. దాని సంగతి ఇంట్లో వేరే మాట్లాడుకున్నాం.

సంచిలోంచి పాత మందుల బిల్లు తీసి నేనే పెట్టాను. ఎడమ చివర కోసింది. మధ్యలో నలిపింది. కుడి చివర బిల్లును చక్కగా మడిచి అవతలికి పంపించింది. పక్కనున్న స్క్రూ కాస్త బిగించమంటే, "అది కంపెనీ సెట్టింగ్, ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్నారు. పెట్టెలోని పుస్తకంలో ఆ స్క్రూ ఎలా తిప్పాలో బొమ్మ వేసి మరీ ఉంది. తెరిచి చూపించాను. యజమాని ఆ పుస్తకం నా చేతిలోంచి లాక్కుని పెట్టెలో పడేశాడు. "కొంటే కొనండి, లేకపోతే మా సమయం వృథా చేయకండి." ఈసారి ఎవరూ నవ్వలేదు.

అదే వీధిలో ఇంకో దుకాణం. అక్కడి పెద్దాయన నేను అడగకముందే స్పానర్ తెచ్చి, రెండు వైపులా స్క్రూలను కొంచెం కొంచెం తిప్పి, గోడ మీది క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చింపి సందులో పెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెగింది. "వానల్లో ఐదారు రోజులకోసారి తప్పకుండా తోయండమ్మా. పెరగనిస్తే ఇది పనికిరాదు, గడ్డి వంగుతుంది గాని తెగదు" అని అమ్మే వస్తువులోని లోపం కూడా తానే చెప్పారు. 14 అంగుళాలది, ఏడు వేల లోపే. బేరం ఆడబుద్ధి కాలేదు.

కోసే ముందు పుల్లలు, రాళ్లు ఏరేయండి. ఇవాళ వేపపుల్ల ఒకటి ఇరుక్కుని రీల్ టక్కున ఆగిపోయింది. కొరియన్ గడ్డి వేసుకున్నవాళ్లు మాత్రం ఇది కొనకండి. అది గుబ్బలు గుబ్బలుగా పెరుగుతుంది, మిషను గుబ్బల నెత్తిన గీకేస్తుంది, గుంటల్లో వదిలేస్తుంది. వెయ్యి చదరపు అడుగులు దాటితే బ్యాటరీదే మేలు. గోడవారన రెండు మూడు అంగుళాలు దీనికి అందవు, దానికి గడ్డి కత్తెర ఉండాలి. అదీ పెద్దాయన దగ్గరే కొన్నాను.